జాబితాలో ఏడో ఇల్లు

వెర్నన్, లేవగానే ఓవెన్ వెయ్యి, కోడి లోపలే ఉంది. ఈ ఏడాది పండక్కి టర్కీ కోడి లేదని మొహం ముడుచుకోకు.

చర్చివాళ్ల థాంక్స్‌గివింగ్ పండగ భోజనం పెట్టెలు లేనివాళ్లకు పంచడానికి వెళ్తున్నాను. నాకిచ్చిన జాబితాలో ఏడో ఇల్లు మనదే! తీసుకునేవాళ్లు సిగ్గుపడతారని పేర్లు రాయరు కదా, మన చిరునామా, పక్కన "ఇద్దరు" అని మాత్రమే ఉంది. రాయించింది నువ్వా? లేక మన వాలకం చూసి వాళ్లే జాలిపడ్డారా? ఫ్యాక్టరీలో పని బాగానే ఉందన్నావుగా! నడుం నొప్పని ఈసారి నాతో రానన్నది ఇందుకేనా? నాకేమీ పాలుపోవడం లేదయ్యా.

ఆర్లీన్

ఇంకో మాట. మనింటికొచ్చినా బెల్లు కొడతాను. తలుపు తీసి పెట్టె అందుకో. ఎవరినీ ఏమీ అడగకూడదని మాకు నియమం. నిన్నూ అడగను.