ఏడో కథ మీద హన్నమ్మ ఆంటీ అభిప్రాయం

జూన్ 3, మంగళవారం

పుస్తకం వచ్చి పన్నెండు రోజులు. ‘దిబ్బ మీద బండ్లు’. సైలెన్సర్లు పీకేసిన బైకుల మీద కేజీఎఫ్ అంతా దడదడలాడించి, మూతపడ్డ గనుల సామాను దొంగిలించి, పోలీసుల చేత తన్నులు తిన్న మా గ్యాంగ్ కథలు, మొత్తం తొమ్మిది. స్కూల్లో నాకు తెలుగు చెప్పిన బదరీనాథ్ మాస్టారు వాట్సాప్‌లో పాఠకుల గ్రూపు పెట్టారు. ముప్పై ఒక్క అభిప్రాయాలు వచ్చాయి. పోస్టాఫీసు కౌంటర్లో కూర్చొని, ఫోన్ టేబుల్ కింద పెట్టుకొని చదువుకుంటున్నాను. నలభై తొమ్మిదేళ్ళొచ్చాయి, సిగ్గు లేదు.

మా గ్యాంగ్‌లోని ప్రిన్స్ చనిపోయే ఏడో కథే అందరికీ నచ్చింది. అందులోనూ ఒకే వాక్యం. ‘ప్రిన్స్ రెండు చేతులా హ్యాండిల్ పట్టుకొని, సైనైడ్ దిబ్బ మీద నుంచి ఆకాశంలోకి దూకించాడు.’ అనఘ అనే బెంగళూరు అమ్మాయి దాన్ని, గనుల మట్టి పోసిన ఆ దిబ్బ ఫోటో మీద రాసి స్టేటస్ పెట్టింది. గూస్‌బంప్స్ అంట.

జూన్ 4

శశి ఫోన్ చేశాడు. గ్యాంగ్‌లో ఊళ్ళో మిగిలింది వాడూ నేనూ. ఇప్పుడు టైర్ల షాపు. వాడి రివ్యూ ఏమిటంటే, మనం ఎత్తుకొచ్చింది రాగి వైరు గదరా, ఇత్తడి అని రాసినావే. పోలీసోళ్ళు బండ్లు లాక్కున్న దినం నేను ఏడ్చింది రాసినావు, నువ్వు ఏడ్చింది యాడ పాయె అని. నవ్వలేక చచ్చాను. ఏడో కథ గురించి ఒక్క మాట అనలేదు. ఆ రోజు వాడు మాతో లేడు.

జూన్ 6

జూలియా ఫోన్. అమ్మ నీ పుస్తకం చదివించుకుంటా ఉండాది రాజన్నా, రెండు దినాలకు ఒక కథ, సాయంత్రం ప్రార్థన అయినాక అంది.

హన్నమ్మ ఆంటీ ప్రిన్స్ వాళ్ళమ్మ. జూలియా వాడి చెల్లెలు. వాళ్ళకు నేను పుస్తకం ఇవ్వలేదు. జూలియానే ఎక్కడో కొనుక్కొచ్చింది. ఆంటీకి చూపు ఆనదు, చదవలేదులే అని ధీమాగా ఉన్నాను.

జూన్ 7, పొద్దున 5 గంటలు

ఇక్కడైనా సరిగ్గా రాయాలి. 1999లో ఆ బండి నడిపింది నేను. ప్రిన్స్ వెనక కూర్చున్నాడు. మధ్యాహ్నం, ఇద్దరం తాగి ఉన్నాం. దిబ్బ మీద వాన కోసిన గాడిలో ముందు చక్రం దిగింది. వాడు ఆసుపత్రిలో పోయాడు, నాకు భుజం ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఇన్‌స్పెక్టర్ బండి ఎవరు నడిపారని అడిగాడు. నాకు పోస్టాఫీసు ఆర్డరు వచ్చి ఆరు రోజులు. కేసయితే ఉద్యోగం పోతుంది. ప్రిన్స్ అన్నాను. ఆ ఒక్క మాట మీదే ఇరవై ఆరేళ్ళు జీతం తిన్నాను.

ఊరంతా నమ్మింది. పుస్తకంలోనూ అదే రాశాను. రాసేటప్పుడు ఏడ్చాను కూడా. ఛీ.

జూన్ 9

ఆంటీ అభిప్రాయాలు జూలియా చెబుతోంది. మొదటి కథ మీద: ఆరుమంది మొగోళ్ళు మూడు దినాలు తిరుగుతారు, ఒక్కడూ అన్నం తినడు, ఎట్ల బతికినార్రా అని రాజును అడుగు.

జూన్ 10

మూడో కథ, పెట్రోలు దొంగతనం. క్యానుకు మూత పెట్టింది చెప్పనే లేదే, మూత లేకుండా బంగారుపేట దాకా పోతే చిందదా అప్పా అనిందంట. మాస్టారు మూడుసార్లు ప్రూఫు చూశారు. ఆయనకు దొరకలేదు.

జూన్ 12

ఈ రోజు సెలవు పెట్టి జూలియాకు ఫోన్ చేశాను. ఏడో కథలో పేజీలు తారుమారయ్యాయి, అది వదిలేసి ఎనిమిదికి పో, వేరే కాపీ తెస్తాను అన్నాను. తప్పేం లేదన్నా, నేను ముందే చదివేసినాను అంది. మా అన్నను తాగుబోతని కాకుండా హీరో మాదిరి రాసింది నువ్వొక్కడివే అంది. తాగుబోతు చెల్లెలని దానికి రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడోది రాలేదు.

థాంక్స్ అన్నాను. థాంక్స్!

జూన్ 15, ఆదివారం

చర్చిలో ఆంటీ ఎప్పట్లాగే చివరి బెంచీ. వాడి సమాధి రోజున పాస్టరుగారు తాగి బండి తోలే బిడ్డల గురించి, వాళ్ళను కన్నవాళ్ళ గురించి గంట ప్రసంగం చేశారు. అంతకుముందు ఆంటీ మొదటి బెంచీ. ఆ తరువాతి వారం నుంచి వెనక్కి పోయింది. నేను క్వైర్‌లో ముందే నిలబడి పాడతాను, అక్కడి నుంచి అందరూ కనిపిస్తారు. పాటలయ్యాక, తమ జీవితంలో జరిగింది అందరి ముందూ చెప్పుకోవడానికి, సాక్ష్యాలు ఉన్నవాళ్ళు లేవండి అంటారు. ఎన్ని ఆదివారాలు లేవలేదో లెక్క వేయడానికి భయం.

జూన్ 16

ఈ సాయంత్రం ఏడో కథ.

జూన్ 17

ఫోన్ లేదు.

జూన్ 18

ఫోన్ లేదు. గ్రూపులో రెండో ముద్రణ అని సందడి. ఆ వాక్యమే అట్ట మీద వేద్దామంటున్నారు మాస్టారు.

జూన్ 19, గురువారం

జూలియా ఫోన్. అమ్మ ఎనిమిదో కథ వద్దనింది. ఏడో కథ మీద ఒక మాట అడగమనింది. రెండు చేతులా పట్టుకొని అని రాసినాడే, నా కొడుకు ఎడం చేతికి పుత్తూరు కట్టు ఉండె. వెదురు బద్దలు పెట్టి వేళ్ళదాకా కట్టింది. నాలుగు దినాలు కూడా కాలేదు. ఆ పొద్దున చొక్కా గుండీలు పెట్టింది నేనే. క్లచ్ ఎట్ల పట్టినాడో రాజును అడుగు.

ఇది చెప్పి జూలియా తనూ ఒకటి అడిగింది. క్లచ్ ఎడం చేతికేనా అన్నా అంది. మళ్ళీ చేస్తానని పెట్టేశాను.

కట్టు సంగతి నేను మరిచిపోయాను. నిజంగా మరిచిపోయాను. నా నడుము చుట్టూ వాడు వేసింది కుడి చెయ్యి ఒక్కటే, ఇప్పుడు గుర్తొస్తోంది. ఆసుపత్రి కట్ల మధ్య ఆ కట్టును పోలీసులు చూడలేదు. ఆంటీకి బండి నడపడం రాదు. క్లచ్ ఏ చేతికో ఎప్పుడు, ఎవరిని అడిగి తెలుసుకుందో.

జూన్ 21, శనివారం

వెళ్ళాను. ఊరిగాంలో గనుల కంపెనీ కట్టిన పాత ఇల్లు, వాకిట్లో ఆంటీ రాగులు చేటలో వేసుకొని తడుముతూ రాళ్ళు ఏరుతోంది. నిలబడే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

చేట ఆగలేదు. తెలుసప్పా అంది. వాడు పోయినాక పెట్టిన ప్రార్థన నాడే శశిని అడిగినాను, బండి మీద ఏ చేత్తో ఏం పట్టుకుంటారని. మరి ఎందుకు అడగలేదు ఆంటీ నన్ను అన్నాను. నువ్వే చెప్తావని, అంది. ప్రతి క్రిస్మస్‌కు కేకు తీసుకొని వస్తావు కదా, ఈ తూరి చెప్తాడు, ఈ తూరి చెప్తాడు అనుకుంటా ఉంటిని. పుస్తకం రాసినావంటే, ఇంగ చెప్పేసినాడు బిడ్డ అనుకొని చదివించుకున్నాను.

కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. నాకెందుకప్పా చెప్పేది, చదివినోళ్ళకు చెప్పు, అంది.

జూలియా కాఫీ తెచ్చి గడప దగ్గర అంతా విన్నది. ఆ కాఫీ అట్లే లోపలికి తీసుకుపోయింది.

సాయంత్రం 6.10

గ్రూపులో పెట్టాను. నా పుస్తకం మీద నా అభిప్రాయం: ‘ఏడో కథ అబద్ధం. ప్రిన్స్ ఎడమ చేతికి కట్టు ఉంది. బండి నడిపింది నేను. పోలీసులకు వాడి పేరు చెప్పాను. ఇట్లు, అమృతరాజు.’

జూన్ 22, ఆదివారం, పొద్దున 7

ఇరవై మూడు అభిప్రాయాలు. సూపర్ ట్విస్ట్ సార్. నలుగురు చప్పట్లు పెట్టారు. రచయితనే పాత్ర చేయడం కొత్తగా ఉంది అని అనఘ. మాస్టారు విడిగా మెసేజ్ పెట్టారు: అద్భుతం నాయనా, కాస్త పెంచి రాయి, పదో కథగా వేద్దాం.

మధ్యాహ్నం

క్వైర్‌లోకి పోలేదు. చివరి బెంచీలో ఆంటీ పక్కన కూర్చున్నాను. సాక్ష్యాలు ఉన్నవాళ్ళు లేవండి అన్నారు. లేచాను. నా ముందున్న బెంచీని రెండు చేతులా పట్టుకొని, ప్రిన్స్ పోయిన రోజు బండి నడిపింది నేను అన్నాను.

ఎవరూ బాగుంది అనలేదు.