నురగ అణిగాక

మే పుష్పా,

నా దగ్గు తగ్గింది, బెంగపడాకు. నువ్వు పంపిన తేనె డబ్బాలో సగం తాగినా. మిగతా సగానికి నీళ్లు కలిపి, బ్రెడ్డు ఈస్టు ఏసి, క్యానులో పోసి మూత బిగించినా. తేనెకల్లు చేస్తాండా. ఫోన్లో చెప్పే మాట కాదు గదా, అందుకే నువ్వు పనిచేసే ఇంటి డ్రైవర్ ముజీబు చేతికి జాబు ఇస్తాండా. ఆ ఇంటి రిపేరుకు చెక్క కోసం మా అమ్ఘరా స్క్రాప్ యార్డుకు వచ్చినాడు. క్యానులో నాలుగు బుడగలొచ్చి నిలిచిపోయె. మైక్రోబయాలజీ సదివినావు, ఏం చేయాల్నో చెప్పు. ఇది అమ్ముడుపోతే ఎగైలాలో మనిద్దరికీ రూము తీస్తా.

నీ మొగుడు,
ఆంజి

ప్రియమైన బావకు,

స్క్రాప్ యార్డు ఇనుప దుమ్ముకు దగ్గుతున్నావని, మా యజమానురాలు మామా పారేయమన్న తేనె దాచి పంపితే, నువ్వు చేసుకున్న వైద్యం ఇదా! ఈ అరబ్బు దేశంలో దీనికి జైలు, ఆపైన ఇంటికి పంపేసే విమానం. తెలిసీ జవాబు రాస్తున్నాను. ఆ రూము నాకూ కావాలి. శుక్రవారం శుక్రవారం మాల్‌లో బెంచీ మీద కాపురం చేసే ఓపిక అయిపోయింది.

మూత బిగించడమే నీ తప్పు. మొదట్లో ఈస్టుకు ఊపిరి కావాలి. మూత తీసి గుడ్డ కట్టు. వేడినీళ్లతో కడిగిన గరిటెతో పొద్దునా సాయంత్రం అడుగుదాకా కలుపు. మెల్లగా మొదలుపెట్టు, లేకపోతే పొంగి నేలపాలవుతుంది. నా డిగ్రీ ఇంతవరకు ఈ సల్వా ఇంట్లో మామాకు పెరుగు తోడేయడానికే పనికొచ్చింది. నీకైనా పనికిరానీ.

అలసిపోయిన
నీ పుష్ప

మే పుష్పా,

లేచింది మే! గరిటె పెడితే బుస్సుమని నురగ. రూమంతా బ్రెడ్డు వాసన. మా రూములో ఉండే దేవయ్యన్న "ఏందిరా ఆంజీ, బిడ్డను సాదినట్టు సాదుతున్నవ్" అని ఎగతాళి.

ఇంకో మాట. పక్క క్యాంపులో బాలకిషన్‌ను పట్టుకుపోయిరి. సారా కాసేటోడు. చెప్పులు గూడా ఏసుకోనియ్యలేదంట. మనది సారా కాదులే, బయపడాకు. ఇప్పుడు నురగ అణిగిపోయింది. మూత బిగించాల్నా, కలుపుతానే ఉండాల్నా?

నీ ఆంజి

ప్రియమైన బావకు,

కలుపుతూనే ఉండు. మూత పెట్టకు. నేను ఆపమనేదాకా ఆపవద్దు. మామా "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ తలుపు కొడుతోంది. ఇంతే.

నీ పుష్ప

పుష్పలతా,

ఆపమని రాస్తావని ఎదురుచూస్తానే కలిపినా. ముజీబు వచ్చె, పోయె. నీ జాబు రాల్యా. నిన్న నోట్లో పోసుకుంటే కండ్లలో నీళ్లు తిరిగె. వెనిగరు! దేవయ్యన్న ఉల్లిగడ్డ ముక్కలు ముంచుకొని తిని "మస్తుందిరా" అన్నాడు. నాకు నవ్వు రాల్యా. ఎగైలా రూము వేరేవాళ్లు తీసుకునిరి. నిజం చెప్పు. నురగ అణిగినాక ఏం చేయాల్నో నీకు తెల్దా?

ఆంజి

ప్రియమైన బావకు,

తెలుసు. నురగ అణిగాక ఇక గాలి తగలనివ్వకూడదు. తగిలితే పులిసి వెనిగర్ అవుతుంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ బాలకిషన్ చెప్పుల్లేకుండా పోయాడని నువ్వు రాసినప్పుడు నాకు నీ పాదాలే కనిపించాయి. పారబొయ్యమంటే వింటావా? వినవు. అందుకే కలపమన్నాను.

రూము పోయింది. మళ్లీ ఆ బెంచీయే, ఆ ఏసీ చలే. నాకూ ఏడుపొచ్చింది. వెనిగర్ కోసం ఏ పోలీసూ రాడు. ఒక సీసా ముజీబ్‌కివ్వు, మామా కీరదోసకాయలు ఊరబెట్టమంటోంది. మూత బిగించు, ఇప్పుడు ఫర్వాలేదు.

శుక్రవారం రా. అందరూ చూస్తుండగానే తిట్టు. తిట్టే మనిషి ఇంకా ఈ దేశంలోనే ఉన్నాడు కదా అనుకుంటూ వింటాను.

నీ పుష్ప