విప్పని సంచికి నా సంతకం

రక్షణ ఉత్పత్తుల శాఖ డైరెక్టరు గారికి,

అయ్యా,

విషయం: సీలు వేసిన పారాచూట్లను విప్పి చూడకుండానే సంతకం చేయమనడం గురించి.

ఈ నెల ఇరవయ్యో తేదీన సైన్యంలో ఉన్న మా తమ్ముడి దళం ఒక ప్రైవేటు కంపెనీ కుట్టి పంపిన పారాచూట్లతో మొదటిసారి దూకబోతోంది. వాటిని పాస్ చేస్తూ పెట్టాల్సిన సంతకం నాది. అందుకే ఇక ఆగలేక రాస్తున్నాను.

1. నేను ప్రభుత్వ పారాచూట్ కర్మాగారంలో మడత విభాగం తనిఖీదారును. ఇంతవరకు కుట్టడం, మడవడం, తనిఖీ మూడూ మేమే చేసేవాళ్లం. మా కుట్టు మిషన్లు మా అమ్మ వయసువి. సైనికులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. కంపెనీ వచ్చాక సరుకు నెలల్లో అందుతోంది, కుట్టు మాకన్నా బాగుంది. కంపెనీ వద్దని ఈ అర్జీ కాదు.

2. ఇప్పుడు మడతా తనిఖీ కూడా వాళ్లకే ఇచ్చారు. సంచులు సీలుతో వస్తున్నాయి. సీలు తీస్తే హామీ పోతుందట. విప్పకుండానే "తనిఖీ చేయడమైనది" అని నేను రాయాలట. "సంతకమే కదమ్మా, ఆస్తి రాసిమ్మన్నట్టు చూస్తావేం?" అన్నారు మా సూపర్‌వైజరు గారు. మా అమ్మ అలాగే, కాగితంలో ఏముందో తెలియకుండా వేలిముద్ర వేసి, ఉన్న ఇల్లు పోగొట్టుకుంది. అందుకే పస్తులుండి నన్ను చదివించింది. మా ఇంట్లో సంతకం పెట్టడం నాతోనే మొదలు.

3. మా విభాగంలో ఒక ఆనవాయితీ ఉంది. ఆరు నెలలకోసారి సైనిక శిక్షకుడు వచ్చి, అరలోంచి తనకు తోచిన సంచి తీస్తాడు. దాన్ని మడిచినవాళ్లే కట్టుకుని దూకాలి. నేనూ దూకాను. మీవాళ్లు కూడా దూకుతారా అని కంపెనీ మేనేజరు గారిని అడిగాను.

"మావాళ్ల బీమాలో దూకడం లేదమ్మా" అన్నారు నవ్వుతూ.

"మా తమ్ముడి బీమాలో ఉందాండీ?" అన్నాను.

దానికి నాకు మెమో వచ్చింది, జవాబు రాలేదు.

కుట్టు కంపెనీకే ఉంచండి. మడతా తనిఖీ మాకు తిరిగి ఇవ్వండి. అవీ వాళ్లకే ఇవ్వాలనుకుంటే మా ఆనవాయితీ కూడా ఇవ్వండి. లాభం కంపెనీది, సంతకం ప్రభుత్వానిది, దూకేది మా తమ్ముడు. ఉత్తర్వులో దీన్ని భాగస్వామ్యం అని రాశారు.

ఈ అర్జీని తమరే స్వయంగా చదివి చిత్తగించవలెనని ప్రార్థిస్తూ,

తమ విధేయురాలు,
తనిఖీదారు, మడత విభాగం

తా.క.: కంపెనీ నుంచి ఎవరూ దూకకపోతే, పందొమ్మిదో తేదీన ఆ సీలు సంచుల్లో ఒకటి నాకు ఇప్పించండి. తమ్ముడికన్నా ముందు నేను దూకుతాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఇంటికి ఉత్తరం వస్తే పక్కింటివాళ్ల చేత చదివించుకుంటుంది, కాబట్టి పదిహేనో తేదీలోగా జవాబు ఆఫీసుకే పంపండి.