రోడ్డు నిండకముందే

అక్కా,

నీ మరిది ఉద్యోగం నిలబడింది, ఇక దిగులు పడకు. అరగంట దారికి ఆయన రొట్టెల వ్యాన్ రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కునేది. ఆలస్యమైన సరుకును కొట్లవాళ్లు వెనక్కి పంపేసేవారు. నష్టం భరించలేక యజమాని ఆయన్ని మానెయ్యమన్నాడు.

నేనే బేకరీకి వెళ్లి, "బట్టీ రెండు గంటలు ముందే వెలిగిస్తే, రోడ్డు నిండకముందే రొట్టెలు చేరిపోతాయి కదండీ" అన్నాను.

"పనివాళ్లు ఒప్పుకుంటే నాకేం?" అన్నాడు.

ఖాళీ బస్సులో కూర్చుని రావచ్చని వాళ్లూ సరేనన్నారు. వారం రోజులుగా ఒక్క రొట్టె తిరిగి రాలేదు.

ఇప్పుడు ఆయన పొద్దున ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉంటున్నారు. నిన్న పాపకు జడ వేశారు. అదేమో వంకరటింకరగా వచ్చింది. నేను సరిచెయ్యబోతే, "ముట్టుకోకమ్మా, నాన్న వేశాడు" అని అలాగే బడికి వెళ్లింది.

నీ చెల్లెలు