మూడో పేజీ, పదమూడో పేజీ

జూన్ 9, ఆదివారం

పుస్తకం వచ్చింది. ఆబిడ్స్ ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. పబ్లిషరు ప్రభాకర్ గారు కట్ట పూర్తిగా విప్పకముందే ఒకటి లాక్కున్నాను. 'ఆరో నంబరు బెంచీ'. నా మొదటి నవల. అట్ట మీద అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు! కథ జరిగిన రోజుల్లో ఆ ఇంట్లో మామూలు ఫోను కూడా లేదు. "టీనేజ్ పిల్లలకు నచ్చాలి కదమ్మా" అన్నారు. సరే. మింగాను.

కింద పేవ్‌మెంటు మీద ఆదివారం పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. పదిహేనేళ్ళ వయసులో నేనూ పక్క వాటా మంజులా ఇక్కడ నడుములు పడిపోయేదాకా వంగి వెతికేవాళ్ళం. అయితే చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు, లేకపోతే పెళ్ళయినవాళ్ళ నవలలు. మా వయసువాళ్ళకు ఏమీ ఉండేది కాదు. అందుకే ఈ నవల రాశానని అడిగినవాళ్ళందరికీ చెబుతున్నాను. అబద్ధం కాదు. కానీ అసలు కారణం మంజులే.

అక్కడే నిలబడి పేజీలు తిప్పాను. మూడో పేజీ, అంకితం — "మంజులకు". అంతే, ఒక్క మాట. ముచ్చటగా ఉంది. పదమూడో పేజీ — పెద్ద రచయిత పరాంకుశం గారి ముందుమాట.

ఒళ్ళు మండిపోయింది.

జూన్ 10

ఆయన రాసింది ఇక్కడ ఎక్కిస్తున్నాను. "ఈ ఇతివృత్తం కల్పన కాదు. నాంపల్లిలో రచయిత్రి పక్క వాటాలో పెరిగిన స్నేహితురాలు, సుల్తాన్ బజార్ బట్టల దుకాణం గుమాస్తాగారి ఏకైక పుత్రిక, నేడు కాచిగూడలో లెక్కలు బోధిస్తున్న ఉపాధ్యాయిని — ఆమె స్వానుభవమే ఇది."

పేరొక్కటే రాయలేదు. మిగతా చిరునామా అంతా ఇచ్చేశారు.

చాయ్ తాగుతూ నేనే చెప్పాను ఆయనకు. "సార్, ఇది మన మధ్యే" అని కూడా అన్నాను. "అయ్యో, నాకు తెలియదా తల్లీ" — తల ఊపారు. పదేళ్ళుగా నా ప్రతి కథా మొదట చదివిన మనిషి. నమ్మకద్రోహం అంటే పెద్ద మాటేమో... కాదు. సరిగ్గా అదే మాట.

మంజుల పదిలో లెక్కలు తప్పింది. ఇంట్లో పాసయ్యానంది, సర్కారు కాలేజీలో చేరానంది. ఏడాది పాటు రోజూ పొద్దున ఎనిమిదింటికి అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరి నాంపల్లి రైల్వే స్టేషన్లో, ఒకే బెంచీ మీద కూర్చునేది. లెక్కల పుస్తకం ముందేసుకుని. మళ్ళీ పరీక్ష రాసింది, పాసయింది, గ్రూపు మార్చుకున్నాను, మళ్ళీ మొదటి ఏడాదేనని ఇంట్లో చెప్పి నిజంగానే కాలేజీలో చేరింది. నాకు తప్ప ఈ భూమ్మీద ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ నాన్న, బాబాయి, తెలియకుండానే పోయారు. వాళ్ళమ్మ అనసూయ పిన్ని ఇప్పటికీ వాడంతా చెబుతుంది — "నా బిడ్డ ఒక్క దినం నాగా పెట్టలే."

నవల రాస్తానని డాబా మీద అడిగితే మంజుల ఆరేసిన బట్టలన్నీ తీసి మడతపెట్టింది. తర్వాత — "రాస్కోవే. గని అమ్మకు తెల్వద్దు." అందుకే నవలలో స్టేషన్ కాజీపేటకు మార్చాను, తండ్రిని పోస్ట్‌మాన్ చేశాను, తల్లిని లేకుండా చేశాను. రెండేళ్ళు ఆ దాచడంలోనే పోయాయి. ఆయన ఒక్క పేరాలో అంతా విప్పి ఆరబెట్టారు.

జూన్ 11

ఫోన్ చేశాను పరాంకుశం గారికి.

"నీ మేలు కోరే రాశానమ్మా స్వాతీ. కల్పన అంటే తేలిపోతుంది. నిజం అంటే నిలబడుతుంది."

"నేను మీకు నమ్మి చెప్పాను సార్."

"పేరు రాశానా?"

తర్వాత, చాలా మామూలుగా — "అయినా అచ్చుకు ముందు ప్రూఫు నీకు పంపారు కదా."

ఫోన్ పెట్టేశాను.

జూన్ 12

బడులు తెరిచారు. మంజుల మెసేజ్, లంచ్ టైములో — "అమ్మ కొత్త అద్దాలు చేయించుకుంది. నీ పుస్తకం కోసమేనట. నా పేరు అచ్చయిందని వాడంత చాటింపేసింది."

23న ఆవిష్కరణ. పిన్ని మొదటి వరసలో కూర్చుంటుంది. పిన్ని ముందుమాటలు కూడా వదలదు, అట్ట నుంచి అట్ట దాకా వేలు పెట్టి చదువుతుంది.

జూన్ 14

ఈ వ్యాపారంలో నేర్చుకున్నది ఏమిటని ఎవరైనా అడిగితే ముందుమాట గురించి చెబుతాను. రాత ప్రతి పట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళాలి. ఐదు నెలలు ఎదురు చూడాలి. "చదివారా సార్" అని అడక్కూడదు, "ఆరోగ్యం ఎలా ఉంది సార్" అని అడగాలి. రాసి ఇచ్చాక కళ్ళకద్దుకోవాలి. అందులో ఒక్క ముక్క మార్చమనడం — అబ్బో, అది ఏ కొత్త రచయితా చేయని సాహసం. ప్రభాకర్ గారు మొదటి రోజే తేల్చేశారు, "పిల్లల నవల ఎవరు ముట్టుకుంటారమ్మా, ఆయన మాట ఉంటేనే వేస్తా" అని.

ఆయన మాట ఉంది. ఇప్పుడు నాకేం మిగిలింది?

జూన్ 15

రాయలేను. రేపు.

జూన్ 16, ఆదివారం

ప్రూఫు మార్చిలోనే వచ్చింది.

పదమూడో పేజీ చదివాను. ఎర్ర పెన్ను ఆ పేరా మీద పెట్టాను కూడా. ఒక్క గీత చాలు. కానీ ఆకు తిప్పితే వెనక వైపున — "తెలుగులో ఈ వయసు పిల్లల మనసును ఇంత నిజాయితీగా పట్టుకున్న నవల ఇన్నాళ్ళకు వచ్చింది." నాలుగు సార్లు చదివాను. ఐదోసారి పైకి చదువుకున్నాను. ఆ పేరా కొట్టేస్తే ఆయనకు కోపం వస్తే... ముందుమాట వెనక్కి తీసుకుంటే... ముందుమాటలు ఎవరు చదువుతారులే అనుకున్నాను. పెన్ను మూత పెట్టి, కింద "ఓకే" రాసి సంతకం చేశాను.

వారం రోజులుగా ఆయన్ని తిట్టుకుంటున్నాను. తిట్లు ఆయనకూ తగినవే. కానీ మంజుల తన మాట అప్పగించింది ఆయనకు కాదు.

జూన్ 18

నాంపల్లిలో బైండరు యాదగిరి దగ్గరికి వెళ్ళాను. ఆఫీసుకు వచ్చిన కట్ట పోను మిగతా మూడు వందల కాపీలూ ఇంకా అక్కడే ఉన్నాయి, దేవుడి దయ. ముందుమాట అంతా ఒక్క ఆకే, ముందూ వెనకా. ఆ ఆకు తీసేయమన్నాను.

యాదగిరి పుస్తకం నడిమికి విరిచి చూపించాడు. "గమ్ము కాదమ్మా, దారంతోని కుట్టినం. ఒకటే కాగితం గిట్ల మడతవెడ్తే రెండాకులైతయి. గీ పదమూడు తీస్తే దీని జోడు గూడ ఊడొస్తది."

జోడు ఆకు ఏదని అడిగాను. వేలు పెట్టి తిప్పాడు. మూడో పేజీ.

"మంజులకు."

"అంచు ఇడిశి కోస్తే మూడు నిలవడ్తది. గని కోసినట్టు తెలుస్తది. షాపులల్ల వాపస్ చేస్తరు. రెండూ తీస్తే సాఫ్‌గ ఉంటది. ఏం జెయ్యమంటరు?"

అక్కడ కూడా ఆలోచించాను, వాపస్ గురించి! రెండూ తీసేయమన్నాను. ప్రభాకర్ సార్‌కు చెప్పిన్రా అన్నాడు. చెప్పానన్నాను. పరాంకుశం గారు అడిగితే బైండింగులో పొరపాటంటాను. అబద్ధాలు నాకు బాగానే వస్తున్నాయి.

జూన్ 20

ఆఫీసుకు వచ్చిన ఇరవై కాపీల కట్ట కూడా ఏదో సాకు చెప్పి తెచ్చి యాదగిరికి ఇచ్చాను. నేను తీసుకున్నది పోను లెక్కకు ఇంకొకటి తక్కువ. ఎవరో పెద్దావిడ వచ్చి కొనుక్కెళ్ళిందట. నా మొదటి పాఠకురాలు! ఒక్క క్షణం సంతోషించాను కూడా.

జూన్ 21

మంజులతో ఆబిడ్స్‌లో చాయ్. చెప్పాలనే వెళ్ళాను. అది చీర గురించి, తొమ్మిదో తరగతి పిల్లల గురించి... మధ్యలో ఆగి — "మూడో పేజీలనే కదా ఉంటది?"

"ఔను" అన్నాను.

"నా పేరు అచ్చుల జూస్తననుకోలేదే. లెక్కలు తప్పినప్పుడు పేపర్ల నా నంబర్ రాలే, యాదికున్నదా? ఇప్పుడు పేరే వస్తుంది."

బిస్కెట్టు చాయ్‌లో పడి మునిగిపోయింది. దాని వైపే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 22

మధ్యాహ్నం ఫోన్. అనసూయ పిన్ని.

"స్వాతీ, నేనే బిడ్డా. మొన్న ఆబిడ్స్ పొయ్యి ఒక పుస్తకం తెచ్చుకున్న. దాని పేరు జూడకుంట ఆగలేకపొయ్యిన."

ఆ పెద్దావిడ పిన్నే.

"సార్ రాసింది గూడ చదివిన." తర్వాత — "ఒక్కటి చెప్పు. గా ఏడాదంత డబ్బా ఏడ కూసోని తినేది? నీడ ఉండెనా గాడ?"

ఉండేది పిన్నీ, రేకుల కప్పు ఉందన్నాను.

"ఫ్యాను?"

"ఉండేది."

"నీళ్ళు?"

నల్లా ఉందన్నాను. వానాకాలం జల్లు కొడితే లోపలి వైపుకి జరిగేదన్నాను. అక్కడ నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ ఏడవలేదు.

"పప్పన్నం చల్లారి గడ్డ కట్టి ఉంటది గద... నాకు తెల్సిందని దానికి చెప్పకు. సిగ్గువడ్తది. రేపు దాని పక్కకే కూసుంట."

పెట్టేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూన్ 23, ఆదివారం

నాలుగున్నర. హాలు దగ్గరే, నడిచి వెళ్ళొచ్చు, కానీ మంజుల ఆటోలో వచ్చి ఎక్కించుకుంటానంది.

కాపీలు యాదగిరి పొద్దున పంపాడు. ఎంత సాఫ్‌గా తీశాడో! ఎవరూ పట్టుకోలేరు. మొత్తం అచ్చులో మంజుల పేరు ఉన్నవి రెండే. ఒకటి నా బీరువాలో. రెండోది పిన్ని సంచిలో. ఎందుకు తీశానో మంజులకు చెప్పాలంటే పదమూడో పేజీ చెప్పాలి. పదమూడు చెబితే — మీ అమ్మ చదివిందా అంటుంది. పిన్నికి మాట ఇచ్చాను. ఇచ్చానా? కాదనలేదు, అంతే.

కింద హారన్. మంజుల గొంతు — "కాపీ చేతిలనే పట్టుకొని రావే! మూడో పేజీ తెరిచి ముగ్గురం ఫోటో దిగుదాం!"

కిటికీలోంచి చూశాను. పిన్ని వెనక సీట్లో, కొత్త అద్దాలతో, సంచి రెండు చేతులా ఒళ్ళో పట్టుకుని ఉంది. పైకి చూసి, మంజులకు కనబడకుండా, చెప్పకన్నట్టు తల అడ్డంగా ఊపింది.

చేతిలో పుస్తకం ఉంది. రెండో పేజీ తర్వాత ఐదు. మళ్ళీ హారన్.