మిద్దె మీది వెదురు

షా అలీ బండా,
సెప్టెంబరు 1938

చిరంజీవి రాజమణికి బాపు ఆశీస్సులు. నేను బాగున్నాను, అల్లుడూ నీవూ పసివాడూ అలాగే ఉన్నారని తలుస్తాను.

వరద చివరి రోజు సంగతి ముందు రాస్తాను. మూసీ దిగువన తంతి తీగలు తెగి అప్పటికి మూడు రోజులు. అక్కడి బడిపంతులు వైకుంఠం తన వైర్‌లెస్ సెట్టు మీద కొట్టే కబుర్లు నేను ఇక్కడ విని, రాసి, వరద సహాయ కచేరీ జవాను చేతికిస్తున్నాను. మాది ఉద్యోగం కాదు. సరదాకు నేర్చుకున్న విద్య. మధ్యాహ్నం ఒక కబురు మొదలైంది: "చెరువు కట్ట మీద రెండు వందల మంది. నీరు పెరుగుతోంది. పడవలు కావాలి. ఊరు..." అంతటితో చప్పుడు ఆగింది. గాలికి మన మిద్దె మీద ఏరియల్ కట్టిన వెదురు కూలింది. పడవలు లారీలకెక్కి ఉన్నాయి. ఏ ఊరికి పోవాలో తెలియదు.

"సెట్టు అమ్మినవా బాపూ?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. అమ్మలేదు. మీ అమ్మ పోయాక మిద్దె మాత్రం ఎక్కలేదు. మన గల్లీలో మగవాడు మిద్దె ఎక్కాలంటే ముందు కేక వెయ్యాలి, చుట్టుపక్కల ఆడవాళ్లు లోపలికి పోయేదాకా ఆగాలి. అందుకే వెదురు పని ఎప్పుడూ మీ అమ్మే చూసేది.

ఆ రోజు కేక వేశాను. సగంలోనే ఆగిపోయింది. పాల రుక్మాబాయి ఎదురు మిద్దె నుంచి అందుకుంది: "మాస్టరు ఎక్కుతుండు! అందరు లోపలికి పోండ్రి!"

నేను ఎక్కాను. పక్క మిద్దె మీద జైనబ్ బీ కదలలేదు. ముసుగు బిగించుకుని, "మనుషులు మునుగుతుంటే పర్దా ఏంది మాస్టర్ సాబ్? రస్సీ ఇటు ఎయ్యుండ్రి!" అంది.

నేను వెదురు నిలబెట్టాను. మూడు మిద్దెల మీద ఆడవాళ్లు మూడు తాళ్లు లాగి పట్టారు.

"గట్టిగ పట్టుండ్రి! మా బర్రె గూడ గిట్ల గుంజులాడదు!" అంది రుక్మాబాయి.

వానలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, రాజమణీ.

కిందికి దిగి సెట్టు మీద వైకుంఠాన్ని పిలిచాను. ఊరి పేరు మూడుసార్లు కొట్టాడు. రాసి జవాను చేతికిచ్చాను. లారీలు కదిలాయి. మిద్దెల మీద ఆడవాళ్లు వంతులవారీగా తాళ్లు పట్టుకునే ఉన్నారు. దీపాల వేళకు కబురు వచ్చింది: "అందరూ ఒడ్డు చేరారు. ఒక్క ప్రాణం పోలేదు." వాకిట్లో నిలబడి గట్టిగా చదివాను. ఈసారి సగంలో ఆగలేదు. గల్లీ అంతా మోగిపోయింది.

ఇక నీ దగ్గర దాచిన మాట. మీ అమ్మ జ్వరంతో పోయిందని రాశాను. అప్పుడు నీవు పచ్చి బాలింతవు. నిజం వేరు. ఆ వెదురు సరిచేస్తూ మిద్దె అంచు నుంచి జారిపడింది. ఆ వైపు పిట్టగోడ లేదు. "కట్టియ్యరాదుండ్రి" అని ఎన్నోసార్లు అడిగింది. దసరా పోనియ్యి అన్నాను. రెండు దసరాలు పోయాయి. నీకు కోపం వస్తే అది న్యాయమే. ఆ కోపమైనా ఉత్తరంలో రాయి.

రేపు ఉదయం మేస్త్రీ మైసయ్య వస్తాడు. నేను కేక వేసి, మిద్దె ఎక్కి, ఆ అంచున పిట్టగోడకు మొదటి రాయి నా చేత్తో పెడతాను.

ఇట్లు,
నీ బాపు