కిల్లర్ వేల్‌కు మన చెరువు ఇవ్వొద్దు

విజయవాడ, 12-3-1996

చెల్లీ ఖుర్షీదా, నేను కులాసా. సభలో గొడవ చేశానని ఎవరైనా చెబితే కంగారుపడకు, చేశాను.

సముద్ర జంతువులతో ఆటలాడించడానికి మీ రొయ్యల చెరువు కౌలుకు అడుగుతున్న షో కంపెనీవాళ్లు నిన్న బెంజ్ సర్కిల్ దగ్గర హోటల్లో సభ పెట్టి, కిల్లర్ వేల్ అనే తిమింగలం లాంటి భారీ జంతువు ఫొటోలు చూపించారు. "సముద్రంలో నిటారుగా ఉండే వీపు రెక్క తొట్టిలో ఎందుకు వాలిపోయిందండీ?" అన్నాను. "మీకు దణ్ణం పెడుతోందండీ!" అని అందర్నీ నవ్వించాడు మేనేజరు. విదేశంలో ఇలాంటివే శిక్షకురాలిని ముంచి చంపాయనేసరికి నా చేతిలో మైకు లాక్కున్నాడు. తల్లి నుంచి విడదీసి గుంటలో పడేస్తే ఏ జీవికైనా పిచ్చెక్కదా?

రొయ్యలు పెరిగిన చోట ఇదీ పెరుగుతుందనుకుంటున్నాడు పీరు బావ. కౌలు కాగితం మీద సంతకం పెట్టనివ్వకు. పాప హఫ్సాకు దగ్గు తగ్గిందా? పిల్లలకు నా దీవెనలు.

శుక్రవారం వస్తున్నాను. బావకు కోపమొచ్చి నాకు అన్నం పెట్టొద్దన్నా సరే, ఆ కాగితం మాత్రం ఆపు.

మీ అన్నయ్య,
ముస్తఫా